మందకుక్కకు పందెం లేదు

ఆంధ్రమహాభారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క రాజుగారి మీద ఫిర్యాదు చేస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమకు సారమేయుడని ఒక కొడుకు. ఆ కుక్కపిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ యాగం జరిగేచోటికి వెళ్ళింది. రాజుగారి తమ్ములు దాన్ని పట్టుకుని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. తల్లి వూరుకోలేదు. తిన్నగా రాజుగారి దగ్గరకే వచ్చి, ఏ పాపమూ ఎరుగని నా బిడ్డను మీవాళ్ళు ఎందుకు కొట్టారని నిలదీసింది. ముందువెనకలు చూడకుండా సాధువులను హింసించేవారికి అనుకోని ఆపదలు వస్తాయని మొహం మీదే చెప్పిపోయింది. ఈ ఘట్టం ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నాను. కుక్క రాజుగారితో మాట్లాడడమేమిటని పిల్లలు ఏటా నవ్వుతారు. నేనూ నవ్వనిస్తాను.

ఈ సరమకు అంతకుముందే ఒక వుద్యోగం వుండేది. ఆ సంగతి ఋగ్వేదం పదో మండలంలో వుంది. పణులనేవాళ్ళు ఆవులను దొంగిలించి దాచారు. వాటి జాడ తియ్యమని ఇంద్రుడు సరమను పంపాడు. సరమ ఏరు దాటి, మంద ఎక్కడుందో పసికట్టి, ఎదురుగా నిలబడి ఆవులను విడిచిపెట్టమన్నది. పణులు బెదిరించారు. లాభం లేకపోయింది. నువ్వు మాకు చెల్లెలివి, ఇక్కడే వుండిపో, ఆవుల్లో నీకూ వాటా ఇస్తాం అన్నారు. నాకు చుట్టరికాలూ వద్దు, వాటాలూ వద్దు అన్నది సరమ. మన వాఙ్మయంలో మంద కోసం పాటుపడ్డ మొదటి కుక్క లంచం పుచ్చుకోని కుక్క అన్నమాట!

ఆ రోజు ఇంతవరకూ చెప్పి పుస్తకం మూశాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. గొర్రెలు కాచే ఇంటివాడు. సూర్యాపేటకు పది మైళ్ళ లోపలే వాళ్ళ వూరు. "సార్, ఫారిన్‌లో గొర్ల కుక్కలకు పరీక్షలు పెట్టి ప్రైజులిస్తరు సార్. సెల్‌ఫోన్లో చూసిన. మన కుక్కలకు ఎందుకు పెట్టరు?" అన్నాడు. సరమ మీద ఇరవై మార్కుల ప్రశ్న అడిగితే చెప్పగలను గాని దీనికి అప్పటికప్పుడు ఏం జవాబు చెప్పను? వచ్చేవారం చెబుతానన్నాను. ఆ వారం రోజుల్లో చదివిందీ, చూసిందీ, విన్నదీ పాఠకులతో పంచుకుంటున్నాను.

ఇంగ్లీషువాళ్ళ దీవిలో పడమటి కొసన వేల్సు అనే కొండదేశం వుంది. అక్కడ బాలా అని ఒక చిన్న వూరు. (పేరు మనదిలా వుంది కదూ!) 1873 అక్టోబరు 9న రిచర్డ్ జాన్ లాయిడ్ ప్రైస్ అనే భూస్వామి ఆ వూళ్ళో కాపరి కుక్కలకు బహిరంగంగా పందెం పెట్టించాడు. బ్రిటన్‌లో ఇల్లాంటి పందేలకు దాన్నే మొదటిదిగా చెప్పుకుంటారు. పందెం వేల్సులో జరిగిందన్నమాటే గాని, గెలిచినవాడు వేల్సులో కాపురమున్న స్కాట్లాండు మనిషి. అతని కుక్క పేరు ట్వీడ్. 1906 వచ్చేసరికి ఈ పందేలకు ఒక అంతర్జాతీయ సంఘమే ఏర్పడింది. నియమాలు, న్యాయనిర్ణేతలు, వంశావళి రిజిస్టర్లు అన్నీ వచ్చాయి. 1976 నుంచి బి.బి.సి. టెలివిజన్‌లో ఈ పందేలు చూపిస్తే, గొర్రె మొహం ఎన్నడూ ఎరుగని పట్నవాసులు కూడా సోఫాల్లో కూర్చుని చూశారట.

పందెం తీరు చెబుతాను, వినండి. కాపరి ఒక మేకు దగ్గర నిలబడతాడు. 400 గజాల దూరాన, కొండవాలు మీద అయిదు గొర్రెలను వదులుతారు. కుక్క కాపరి పక్కనుంచి బయలుదేరి, నేరుగా గొర్రెల మీదికి పోకుండా, పెద్ద చుట్టు చుట్టి వాటి వెనక్కు చేరాలి. నేరుగా పోతే గొర్రెలు బెదిరి కొండెక్కుతాయి. అందుకని ఆ చుట్టు ఎంత నున్నగా వుంటే అంత గొప్ప. దానికి 20 మార్కులు. వెనక్కు చేరాక, గొర్రెలు వులిక్కిపడకుండా, 'పోదాం పదండి' అన్నట్లు వాటిని మొదటి అడుగు వేయించాలి. అది ఒక్క క్షణం పని. అయినా దానికి వేరే 10 మార్కులు. అక్కడినుంచి గొర్రెలను సరళరేఖలో కాపరి దగ్గరకు తీసుకురావడానికి 20. కాపరినుంచి దూరంగా, పాతిన గేట్ల మధ్యనుంచి తోలుకుపోవడానికి 30. కుక్కకు ఇదే కష్టం. తేవడం దాని నెత్తురులో వున్న గుణం, తోలుకుపోవడం నేర్పితే వచ్చే విద్య. తరువాత మందలోంచి కొన్నిటిని విడదీయడానికి 10, మిగిలినవాటిని దొడ్డిలో పెట్టడానికి 10. వెరసి నూరు. ఇదంతా పావుగంటలో ముగియాలి. కాపరి నోట రెండు మూడు మాటలు, ఈల, అంతే. ఎడమకు ఒక మాట, కుడికి ఒక మాట, పడుకోమని ఒక మాట.

మార్కులు వేసే పద్ధతి నాబోటివాడికి ముచ్చట గొలిపింది. అక్కడ సున్నాతో మొదలుపెట్టరు. ప్రతి కుక్కకూ పూర్తి మార్కులు ముందే చేతికిచ్చి, తప్పు చేసినప్పుడల్లా కొంచెం కొంచెం కోసుకుంటూ పోతారు. మేమూ జవాబు పత్రాలు అల్లా దిద్దితే ఎంతమంది తల్లిదండ్రులు సంతోషించేవారో!

ఈ కుక్కలను బోర్డర్ కోలీలంటారు. ఈనాటి బోర్డర్ కోలీలలో చాలావాటి వంశం వెనక్కు తవ్వుకుంటూ పోతే ఓల్డ్ హెంప్ అనే ఒక కుక్క దగ్గరకు చేరుతుంది. 1893లో నార్తంబర్లండ్ ప్రాంతంలో ఆడమ్ టెల్ఫర్ అనే ఆసామి దగ్గర పుట్టింది. అరిచేది కాదట, కరిచేది కాదట. తల వంచి, పొట్ట నేలకానించి, కళ్ళతో చూస్తూ అడుగులో అడుగు వేసేది. గొర్రెలు కదిలిపోయేవి. ఆ చూపునే వాళ్ళు 'కన్ను' అంటారు. ఫలానా కుక్కకు కన్ను బాగా వుందంటే చూపు బాగున్నదని కాదు, చూసి కదిలించే శక్తి వున్నదని అర్థం.

ఆ చూపు ఎక్కడిదంటారు? తోడేలుది. తోడేలు వేటకు ఒక వరస వుంది. కన్నువేస్తుంది, పొంచుతుంది, తరుముతుంది, పట్టుకుంటుంది, చంపుతుంది. మనిషి తరాల తరబడి ఏరి ఏరి పెంచి, ఆ వరసలో మొదటి మూడూ వుంచుకుని చివరి రెండూ తెంచేశాడు. గొర్రె కంటికి బోర్డర్ కోలీ చంపని తోడేలు. అందుకే భయపడుతుంది, అందుకే కదులుతుంది.

సరే, ఇదంతా పుస్తకాల మాట. మన కుక్క సంగతి పుస్తకాల్లో దొరికేది కాదు. ఆదివారం కోదాడ బస్సెక్కాను. కోదాడ దాటాక హుజూర్‌నగర్ పోయే దారిలో కోతలయిన మళ్ళలో ఒక మంద కనిపించింది. రెండువందలకు తక్కువ వుండవు. ఇద్దరు మనుషులు. మంద నడుమ, గొర్రెల మధ్య తానూ ఒక గొర్రె అన్నట్లు, గోధుమ వన్నె కుక్క ఒకటి పడుకుని వుంది. ఒక చెవి చిరిగింది. జాతి ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. కాపరుల్లో పెద్దవాడు గొంగడి మడిచి గట్టుమీద వేసి నన్ను కూర్చోమన్నాడు.

"పెద్దాయనా, ఈ కుక్క ఏం చేస్తుంది?" అని అడిగాను.

"ఏం జేస్తది సారూ? ఉంటది."

ఇంకేమన్నా చెబుతాడేమోనని చూశాను.

"మందల ఉంటది. గంతే."

"జీవాలు అటూ ఇటూ పోతే మళ్ళెయ్యదా?"

"మళ్ళేసుడు మా పని. అది ఉరికితె జీవాలు బెదురుతయి. కడుపుతోని ఉన్నయి. బెదిరి ఉరికినయనుకో, కడుపులు పోతయి. చిన్నగున్నప్పుడు ఒకటి రెండు మాట్ల ఉరికింది. నాలుగు తగిలిచ్చిన. మల్ల ఉరకలే."

నాకు నవ్వు వచ్చింది, ఆశ్చర్యమూ వేసింది. వేల్సులో ఏ గుణానికి 20 మార్కులు వేస్తారో, కోదాడలో ఆ గుణానికి నాలుగు దెబ్బలు! ఎవరు తెలివితక్కువవాళ్ళు? ఇద్దరూ కారు. కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది.

బ్రిటన్ కొండల్లో గొర్రెలను నెలల తరబడి వాటి మానాన వాటిని వదిలేస్తారు. కాపరి రాత్రింబగళ్ళు వెంట వుండడు. వుండనక్కరలేదు. అక్కడ తోడేళ్ళు అంతరించి కొన్ని వందల ఏళ్ళయింది. వున్ని కత్తిరించే రోజు వచ్చినప్పుడు మైళ్ళ పొడుగునా చెదిరివున్న గొర్రెలను పోగుచేయాలి. అది మనిషి కాళ్ళవల్ల అయ్యే పని కాదు. అందుకని కుక్కకు కావలి పని తప్పి పోగుచేసే పని వచ్చింది. మన దగ్గర మందకు మనిషి ఎన్నడూ దూరం కాడు. కాపరి ముందు నడుస్తాడు, లేదా మేకను ముందు నడిపిస్తాడు. గొర్రెదాటు అన్న మాట మనవాళ్ళు వూరికే పుట్టించలేదు. ఒకటి నడిస్తే రెండువందలు నడుస్తాయి. నాలుకతో ఒక చప్పుడు, గొంతుతో ఒక కూత, చేతిలో కర్ర, ఇదే మన పోగుచేసే యంత్రం. మనిషి చేయలేని పని ఇక్కడ ఒక్కటే: రాత్రంతా మేలుకుని వుండడం. అది కుక్కకు అప్పగించాడు.

ఇల్లాంటి కావలి కుక్కలు ప్రపంచంలో చాలాచోట్ల వున్నాయి. హిమాలయాల్లో గద్దీ కాపరుల కుక్కలకు చిరుతపులి మెడ పట్టకుండా ముళ్ళున్న ఇనప పట్టీ కడతారు. వీటన్నిటి గురించీ నేను చదివినవాటిల్లో బాగా నచ్చిన కథ చార్లెస్ డార్విన్ రాసింది. 1833లో ఆయన దక్షిణ అమెరికాలో ఇప్పుడు ఉరుగ్వే అంటున్న ప్రాంతంలో గుర్రంమీద తిరుగుతున్నాడు. మైళ్ళ దూరం మనిషి జాడ లేకుండా గొర్రెల మందలు కనిపించేవి. పక్కన ఒకటో రెండో కుక్కలు. ఇంత స్నేహం ఎల్లా కుదిరిందని వాకబు చేశాడు. కుక్కపిల్లను కళ్ళు తెరిచీ తెరవకముందే తల్లినుంచి వేరుచేసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రె పాలు తాగిస్తారు. దొడ్డిలోనే వున్నితో పక్క వేస్తారు. వేరే కుక్కలతో కలవనివ్వరు. ఇక పెద్దయ్యాక అది మందను వదలదు. రోజూ ఒక్కసారి మాంసం ముక్క కోసం ఇంటికి వస్తుంది. ముక్క అందగానే సిగ్గుపడ్డట్టు తోక ముడిచి పారిపోతుంది. ఇంటి కుక్కలు దాన్ని తరుముతాయి. ఎంతవరకు? మంద దాకా. మందలో కాలు పెట్టగానే అది వెనక్కు తిరిగి మొరుగుతుంది. అంతవరకూ తరిమిన కుక్కలన్నీ తోకలు ముడిచి వెనక్కు పరుగు!

కోదాడ పెద్దాయనకు ఈ కథ చెప్పాను. డార్విన్ ఎవరని అడగలేదు. "మరి? మందల ఉన్నప్పుడె కదా సారూ దానికి బలం," అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు మా కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. పందెమంటే జనం కూర్చుని చూడాలి. చూడడానికి ఏదో ఒకటి జరగాలి. వేల్సు కుక్క పని జరిగే పని. వంపు కనిపిస్తుంది, గేటు కనిపిస్తుంది, గొర్రె దొడ్డిలో పడడం కనిపిస్తుంది. మన కుక్క పని జరగనివ్వని పని. తెల్లవారి లెక్కపెడితే గొర్రెలు నిన్నటి లెక్కకు సరిపోయాయి. ఏమి జరిగింది? ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే దాని ప్రతిభ. దానికి ఎవరు ఎన్ని మార్కులు వేస్తారు? పరీక్ష హాల్లో మూడు గంటలు నిలబడే మా ఇన్విజిలేటర్ల బతుకూ ఇల్లాంటిదే. గొడవ జరిగితే మావాళ్ళ పేరు పత్రికలో పడుతుంది. జరగకపోతే మావాళ్ళు అక్కడ వున్నట్లే ఎవరికీ గుర్తుండదు.

కనిపించే పనికి మన జిల్లాల్లో పందేలు లేకపోలేదు. శివరాత్రికి మేళ్ళచెరువు జాతరలో ఒంగోలు ఎడ్లు బండరాయి లాగుతుంటే చూసే జనం ఇంతా అంతా కాదు. గిత్తల పేర్లూ, వాటి యజమానుల పేర్లూ మైకులో మారుమోగుతాయి. గొల్లవారి పండుగ కూడా చిన్నదేమీ కాదు. సూర్యాపేటకు ఆనుకుని దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్ళకొకసారి జరుగుతుంది. మేడారం తరువాత తెలంగాణలో అంత పెద్ద జాతర ఇదేనంటారు. 2025 ఫిబ్రవరిలో జరిగినప్పుడు కూడా 'ఓ లింగా' అన్న కేకలతో గట్టు హోరెత్తిపోయింది. హైదరాబాదు-విజయవాడ రహదారిమీద బండ్లను దారి మళ్ళించారు. అక్కడ గొర్రెపోతుకు మొక్కుంది, గంపకు ప్రదక్షిణముంది, డోలుకు స్థానముంది. కుక్క మాత్రం గట్టు కింద కట్టేసిన బండి నీడలో పడుకుని వుంటుంది. మహారాష్ట్రంలో ఖండోబా దేవుడి పటంలో గుర్రం పక్కన కుక్కను కూడా వేస్తారు. ఆ దేవుడూ మన మల్లన్నా ఒక కుదుటివారే. మరి మనవాళ్ళు కుక్కను ఎక్కడ జారవిడిచారో!

జాతర మాట అల్లా వుంచి, మంద సంగతి చూద్దాం. ఈ ప్రాంతంలో గొర్రెల కాపరి బతుకు నీళ్ళతో మారింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు, కోదాడ వైపు వచ్చింది. పచ్చజొన్న పండిన చేలల్లో వరి పండింది. మిర్యాలగూడ పొలిమేరల్లో బియ్యం మిల్లుల పొగగొట్టాలు లేచాయి. మంచిదే. రెండు పూటలా అన్నం తిన్న జిల్లా కాలువను తిట్టుకోదు. అయితే బీడు అన్న మాట ఆ చుట్టుపక్కల అరుదైపోయింది. రెండు పంటల మధ్య దొరికే నాలుగు వారాలు, కాలువగట్లు, చెరువు శిఖాలు, ఇవే మందకు మిగిలాయి. కోతలయ్యాక రైతు పిలిచి మడిలో రాత్రులు మంద పెట్టించుకుంటాడు. పెంటికలే ఎరువు. దానికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. అంటే ఏ రోజుకారోజు కొత్త మడి, కొత్త చీకటి. ఇంటి దగ్గర దొడ్డిలో వున్న మందకన్నా ఇల్లా తిరిగే మందకే కుక్క ఎక్కువ అవసరం.

ఒక్కమాట ఇక్కడ చెప్పాలి. మన పెద్ద బంగళాల గేట్ల దగ్గర గొలుసుతో కట్టివుండే అల్సేషియన్ కూడా పుట్టుకతో గొర్రెల కాపరే. 1899లో స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఆ జాతికి సంఘం పెట్టాడు. జర్మనీలో పంటచేలకు కంచెలు వుండేవి కావు. చేనుకూ మందకూ నడుమ గీసిన గీతలాగా ఆ కుక్క రోజంతా అటూ ఇటూ నడిచేది. గీత దాటిన గొర్రెను వెనక్కు నెట్టేది. అక్కడ దానికీ పందెం వుంది. వందలకొద్దీ గొర్రెలతో జరుగుతుంది. వరి మడి గట్టుమీద మేపేవాళ్ళకు అల్లాంటిది పనికివస్తుందేమో అనిపించి పెద్దాయన్ని అడిగాను. "దాని తిండికి నేను రెండు గొర్లమ్మాలె," అన్నాడు. మరి మాట్లాడలేదు నేను.

తోడేళ్ళు ఇప్పుడు ఇటు తక్కువ. అవి కనిపించినా చంపకూడదు. 1972 నాటి చట్టం వాటికి పూర్తి రక్షణ ఇచ్చింది. వాటి స్థానంలో రెండు కొత్త తోడేళ్ళు వచ్చాయి. ఒకటి, అర్ధరాత్రి వాహనంలో వచ్చి నాలుగు గొర్రెలను వేసుకుపోయే దొంగ. రెండు, వూళ్ళ అంచున కోడిమాంసం దుకాణాల చెత్త మీద బతికి గుంపులు కట్టిన వీధికుక్కలు. ఒక్క రాత్రిలో దొడ్డిలో పదీ ఇరవై గొర్రెలను చీల్చిపోయిన వార్తలు మీరూ చదివే వుంటారు. దొంగ బిస్కట్టు వేసినా, పులుసు ముక్క వేసినా మందకుక్క పోదు. సరమ వంశం కదా! కాని గుంపుకు ఎదురు నిలవాలంటే ఒక్క కుక్క చాలదు. "మా తాత నాటికి మందకు మూడు కుక్కలు. ఇప్పుడు ఒకటి. ఇదీ ముసల్ది," అన్నాడు పెద్దాయన. పిల్లలు లేవా అంటే, వున్నాయిగాని మందలో పెరిగినవి లేవన్నాడు. దొడ్డిలో గొర్రెపిల్లలతో కలిసి పెరగని కుక్క మందకుక్క కాదు, వూరకుక్కే. ఆ పెంపకానికి ఇంట్లో కుర్రవాడు వుండాలి. ఆ కుర్రవాడు నా క్లాసులో వెనక బెంచీలో వున్నాడు.

లెక్కలు చూస్తే ఇంకా చిత్రం. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు కోటీ తొంభై లక్షలకు పైగా తేలాయి. దేశంలో మొదటి స్థానం. అంతకు రెండేళ్ళ ముందు, 2017లో, ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెలు పంచే పథకం పెట్టింది. ఇరవై ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పటి లెక్కలో ధర లక్షా పాతికవేలు, అందులో నూటికి డెబ్బయి అయిదు ప్రభుత్వమే భరించింది. ఇరవై ఒక్క ప్రాణుల వెంట కాపలాకు ఇరవైరెండోది ఒకటి వుండాలని ఎవరికీ తట్టలేదు. తట్టినా దాన్ని ఏ సంతలో కొంటారు? మందకుక్కపిల్లకు ధర లేదు. ఒక మందలో పుడితే ఇంకో మందవాడు అడిగి తీసుకుపోతాడు. అంతే. పశుగణనలో కుక్కలను పెంపుడువని, వీధివని లెక్కవేస్తారు. మెడకు పట్టీ లేక, కట్టేసే గొలుసు లేక, ఇంటి గడప ఎరగని ఈ కుక్కను ఏ గడిలో వేసుకున్నారో రాసుకున్నవారికే తెలియాలి. 2005లో తపాలాశాఖ నాలుగు దేశీయ కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేసింది. ముధోల్, రాజపాళయం, రాంపూర్ వేటకుక్కలు, వాటితోపాటు హిమాలయ కాపరి కుక్క. మంచుకొండల కాపరి కుక్కకు తపాలాబిళ్ళ మీద చోటు దొరికింది. సంతోషం. మూసీ ఒడ్డు కాపరి కుక్కకు ఒంటిమీద ఒక తీరు రంగైనా లేదు, బిళ్ళమీద ఏం బొమ్మ వేస్తారు?

పందెం వద్దుగాని, దీనికి వేరే రెండు అవసరాలున్నాయి. రెండూ పెద్ద ఖర్చు కావు. ఒకటి, ఏడాదికొకసారి పిచ్చికుక్క జబ్బుకు టీకా. ఎదురొచ్చిన వూరకుక్కలతో రాత్రంతా కలబడేది ఇదే. తెల్లవారి పిల్లలతో, గొర్రెలతో, కాపరితో వుండేదీ ఇదే. రెండోది పాములు పడే మందు. దీని కథ చాలామందికి తెలియదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. గొర్రె వున్నట్టుండి తల ఒక పక్కకు వాల్చి, ఒకే పక్కకు గిరగిర తిరిగి, తిరిగి తిరిగి పడి చస్తుంది. చేతబడి అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు. కోసి చూస్తే మెదడులో నీటి బుడగ. ఆ బుడగ కుక్క కడుపులో వుండే బద్దెపురుగు పిల్ల. చచ్చిన గొర్రె తలకాయ పారెయ్యడమెందుకని కుక్కకు వేస్తారు. బుడగ కుక్క కడుపులో పురుగవుతుంది. పురుగు గుడ్లు కుక్క విసర్జించినప్పుడు గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మళ్ళీ గొర్రె తింటుంది. వూపిరితిత్తుల్లో, కాలేజంలో బుడగలు కట్టే ఇంకో పురుగు వుంది. అది మనిషికి కూడా వస్తుంది, ఆపరేషను దాకా పోతుంది. కాపరికి గొర్రెలను కాచిపెట్టే కుక్కే తెలియక వాటికి మిత్తి అవుతున్నదన్నమాట. తప్పు కుక్కది కాదు, వండకుండా తలకాయ విసిరిన చేతిది. దానికి ప్రాజిక్వాంటెల్ అనే బిళ్ళ వుంది. పశువైద్యుడు కుక్క బరువు చూసి ఎంత వెయ్యాలో చెబుతాడు. చచ్చిన గొర్రె తలకాయ, కాలేజం, తిత్తులు గొయ్యి తీసి పూడ్చేస్తే సగం జబ్బు అక్కడే ఆగుతుంది.

గొర్రెలకు నట్టల మందు తాగించే శిబిరాలు మన వూళ్ళల్లో జరుగుతూనే వున్నాయి. మంద మొత్తం వరసకట్టి తాగి పోతుంది. కుక్క పక్కన కూర్చుని చూస్తూ వుంటుంది. ఆ శిబిరానికి వచ్చిన డాక్టరుగారి సంచీలో ఒక టీకా, ఒక బిళ్ళ అదనంగా వుంటే సరిపోతుంది. వచ్చేవారం క్లాసులో ఈ మాట చెబితే మా కుర్రవాడు, "మరి ప్రైజు సార్?" అన్నాడు. అంత తేలిగ్గా వదిలే రకం కాదు. పెద్దగట్టు జాతరనాటికి కుక్కల టీకాల గుడారం ఒకటి వేయించడానికి వాళ్ళ సంఘం పెద్దలతో మాట్లాడమన్నాను. మాట్లాడతానన్నాడు. ఏ కుక్క ఎన్నేళ్ళుగా ఏ మందలో వుంటున్నదో అక్కడ ఒక పుస్తకంలో రాసిపెడతానని తనంతట తానే అన్నాడు. వేల్సువాళ్ళ రిజిస్టరూ ఇల్లాగే మొదలయిందేమో!

పెద్దాయన దగ్గర సెలవు తీసుకునేసరికి పొద్దు వాలింది. ఆ రాత్రికి మంద రోడ్డుకు అవతలి మడిలో పడుకోవాలట. కర్ర అడ్డం పెట్టి బండ్లను ఆపాడు. ముందు మేక, దాని వెనక రెండువందల గొర్రెలు తోసుకుంటూ దాటాయి. చివరి గొర్రె దాటిందో లేదో ఒక కారాయన హారన్ కొట్టి బండి కదిలించబోయాడు. రెండో కాపరి పరుగెత్తుకొచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ఆపాడు. ఈ దారుల్లో కారు నడిపే పాఠకులకు అందుకని చెబుతున్నాను. మంద దాటిపోయినట్లు కనిపించినా ఒక్క అరనిమిషం ఆగండి. కుంటుతూ వెనకబడ్డ గొర్రె ఒకటి ఇంకా వస్తూ వుంటుంది, దాని వెనక కుక్క వుంటుంది.